ఊరేగింపులో మన జయరాజు

మదనపల్లె, ఆగస్టు 1942

అప్పా, మీకూ అమ్మకూ వందనాలు. నేను క్షేమం.

నిన్న స్వరాజ్యం ఊరేగింపు మీద పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. మా మిషను ఆసుపత్రికి మోసుకొచ్చిన వాళ్లలో ఒకడి ముఖం మీది నెత్తురు కడిగి చూస్తే, పుంగనూరు బడిలో పాఠాలు చెప్పుకుంటున్నాడనుకున్న మన జయరాజు, నా తమ్ముడే!

"ఈడికి యాల వచ్చినావురా?" అన్నాను.

"అందురూ వస్తాండారు కదక్కా. కిరస్తానోళ్లమైతే మనమేమన్నా దొరల మనుషులమా?" అన్నాడు.

ప్రాణానికి భయం లేదు. ఎడమ కన్ను మాత్రం ఇక కనపడదట.

అమ్మను వెంటనే బస్సెక్కించండి. పాత చీరలు ఉతికి పంపండి, కట్లకు గుడ్డ చాలడం లేదు. ఆవు ఈనిందా?

మన కుప్పంలో ఎవరడిగినా దాచొద్దప్పా. మావాడేనని చెప్పండి.

ప్రభువు మీకు తోడుండాలి.

మీ కూతురు కరుణమ్మ