సీమంతం గాజులు

బందరు, 1938 ఆగస్టు, మంగళవారం రాత్రి

పొద్దున ఆసుపత్రిలో ఆపరేషన్ గది ముందు నర్సు, నా భార్య కనకం చేతి సీమంతం గాజులు తీసి నా రుమాల్లో పోసింది. "పురుడొచ్చేదాకా తియ్యకూడదటండీ," అని కనకం నావైపు చూసింది. నేను రుమాలు మూటకట్టి జేబులో వేసుకున్నాను. అవి ఇంకా జేబులోనే ఉన్నాయి, కదిలితే చప్పుడవుతున్నాయి.

ఇన్ని నెలలూ కనకానికి నెలనెలా నెత్తురు పోతూనే ఉంది. "కడుపుతో ఉన్నా కొందరికి కనిపిస్తుందిలేరా," అంది అమ్మ. పొట్ట పెరుగుతోంది కదా అని నమ్మాను. బళ్లో లెక్కలు చెప్పేవాణ్ణి, నాకు అనుమానమే రాలేదు! ఏడో నెలని మా ఊరు గుడివాడంతా పిలిచి గాజులు తొడిగించాం.

"లోపల బిడ్డ లేదండీ, గడ్డ ఉంది. గర్భసంచితో సహా తీసెయ్యకపోతే మనిషి దక్కదు," అంది డాక్టరమ్మ నిన్న. సంతకం పెట్టాను. కనకానికి నేనే చెబుతానన్నాను. తీరా దగ్గరికెళ్లి, "కాన్పు కష్టమట, కోసి తీస్తారట," అన్నాను.

సాయంత్రం మత్తు వదులుతుంటే పక్క గదిలో ఎవరి పసిబిడ్డో ఏడ్చింది. కనకం కళ్లు తెరవకుండానే, "మన వాడేనా అండీ?" అని అడిగింది.

"ఊఁ" అన్నాను.

ఇప్పుడే వరండాలోంచి తొంగి చూసి వచ్చాను. కనకం నిద్రలో నవ్వుతోంది.