సుగటూరు స్లాబు కింది కట్టెలు

మార్చి 23
సుగటూరు ఇంటికి స్లాబు పోసినాము. సాయంత్రానికే కూలోళ్లంతా ఊర్లకు పరుగు — కరోనాకు బస్సులు నిలిపేస్తారంట. ఓబులేసునూ వాని పెండ్లాం నాగమ్మనూ నేనే ఆపినాను. "కదిరికి ఇప్పుడు యాడ పోతారప్పా, ఈడ్నే ఉండి స్లాబుకు నీళ్లు పట్టండి." స్లాబు కిందనే వాళ్ల కాపురం. చంటిది కూడా.

మార్చి 25
అంతా మూసేసినారు. ఇరవై ఒక్క రోజంట. స్లాబును మోస్తా ఉండే కింది కట్టెలు తీసేదానికి నేను పెట్టుకున్న గడువూ అంతే. స్లాబు ఆడ, మేస్త్రీని నేను ఈడ కోరమండల్ గని క్వార్టర్స్‌లో. బాగుండాది.

మార్చి 30
ఓబులేసు ఫోన్. గ్యాసు అయిపోయిందంట. మూలన మిగులు కట్టె ముక్కలుండాయి, కాల్చుకోండన్నాను.

ఏప్రిల్ 3
నాగమ్మ ఫోన్‌లో ముద్ద చేసినానంటాది. కట్టెలు యాడివమ్మా అన్నాను. ఫోను ఓబులేసుకిచ్చింది. "ముక్కలు అయిపోయినాయన్నా. స్లాబు కిందివి... ఈడొకటి, ఆడొకటి పీకినాను. రాయైపోయింది కదన్నా, ఏమీ కాదు."
ఎన్ని రా? "నాలుగైదు." అబద్ధం. నోటికొచ్చినట్ల తిట్టినాను. తిట్టి ఏం లాభం.

ఏప్రిల్ 4
బండి తీసినాను. బంగారుపేట దాటనీలేదు పోలీసులు. స్లాబు సార్, కింద మనుషులుండారు అంటే నవ్వినారు. బండి పెట్టుకున్నారు. నడిచి వెనక్కి.

ఏప్రిల్ 5
నాయనకు చెప్పినాను. గని మూసేదాకా లోపల కప్పు కూలకుండా కట్టెలు నిలబెట్టిన మనిషి. "ఒకో కట్టెనూ సుత్తితో తట్టమను, వింటాను" అన్నాడు. ఓబులేసుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టినాను. కండ్లు మూసుకున్నాడు. టక్... టక్... "వదులుగుండాది, బరువు లేదు. ఇదీ వదులే." హాలు నడుమ ఒకటి — టింగ్!
నాయన కండ్లు తెరిచినాడు. "అంతా అదే మోస్తా ఉండాది. బయటికి రమ్మను. ఇప్పుడే."

ఏప్రిల్ 6
బయట టార్పాలు కట్టుకున్నారంట. పొయ్యికి మల్బరీ పుల్లలు. "లోపలికి పోనన్నా, బిడ్డమీద ఒట్టు." కొత్త కట్టెలు పెట్టేదానికి పక్కూరి మేస్త్రీని అడిగినాను. ఊరి దారికి కంప అడ్డమేసినారంట, రాలేడు.

ఏప్రిల్ 7
మధ్యాన్నం మూడుకు వాన. ఈడే ఇంత గాలి... ఆడ ఎట్లుందో. మూడుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాలుగోసారి ఓబులేసు.
"యాడుండారప్పా?"
"బయటే అన్నా. టార్పాలు కిందనే."
నమ్మినాను. దేవుడా అనుకున్నాను. నాయన ఫోను లాక్కుని చెవికి పెట్టుకున్నాడు. చానాసేపు విన్నాడు. తల అడ్డంగా ఊపినాడు.
"టార్పాలు మీద వాన నెత్తినే దబదబమంటాది. ఇది దూరంగా ఉండాది రా. వాని గొంతు గోడలకు తగిలి తిరిగొస్తా ఉండాది. లోపలే ఉండారు."
ఓబులేసూ, బయటికి రా అని అరిచినాను.
"చంటిది తడిసిపోయిందన్నా, వాన నిలిచినంక—"
లైను తెగింది. మళ్లీ చేస్తే రింగే పోలేదు.
నాయన నాపక్క చూడ్డం లేదు. ఈడ్నే ఉండండప్పా అన్నది నేనే. వాన ఇంగా పడతానే ఉండాది. చెప్పులేసుకున్నాను. నడిచే పోతాను.