నిలువు పద్నాలుగు నాది

నందితా,

పోచంపల్లి సంతకు పోతున్నాను. పాలు కాచి, పిల్లి ముట్టకుండా మూత మీద రాయి పెట్టాను. నీ వారపత్రిక ఇంకా రాలేదని శుక్రవారం నేను చెప్పింది అబద్ధం. బియ్యం డబ్బా వెనక ఉంది, తీసుకో.

ఆ రోజు నా చేతిలో ఉన్నవి ఒక పెన్సిలు, ఒక రబ్బరు, అందులోని పదాల పజిల్‌లో ఖాళీ గళ్ళు. కృష్ణగిరిలో ఉన్న నీ స్నేహితురాలు రశ్మి కంటే ముందే నింపి నీకు చూపించాలనుకున్నాను. ప్రతి ఆదివారం మీరిద్దరూ ఫోన్‌లో గళ్ళు నింపుతుంటే, ఆమె ఒక జవాబు చెప్పగానే నువ్వు నవ్వే నవ్వు, పెళ్ళయిన పదకొండేళ్ళలో నా మాటకు ఒక్కసారీ రాలేదు. పోయిన వారం నేను పక్కన వచ్చి కూర్చుంటే, "మీకిది యాడ తెలుస్తాదప్పా, అంగడికి పోయి ఉలవలు తూకమెయ్యండి" అన్నావు.

నువ్వన్నట్టే అయింది. నాలుగు గళ్ళు కనిపిస్తే ఉలవలు, మూడు కనిపిస్తే రాగులు రాశాను. మన అంగట్లో సరుకుల పేర్లన్నీ అయిపోయాయి, ఒక్కటీ అతకలేదు. కాగితం చిరిగేదాకా చెరిపాను. ఈ ఉదయం గడ్డం గీసుకుంటుంటే నిలువు పద్నాలుగు ఉన్నట్టుండి తట్టింది. నురగ ముఖంతోనే పరుగెత్తి రాశాను. ఒక్కణ్ణే గట్టిగా నవ్వాను కూడా. నువ్వు లేవలేదు.

సాయంత్రం బస్సుకు వస్తాను.
ధనశేఖర్

మరిచాను. రెండు రోజులు పోయాయి, రబ్బరు అరిగిపోయింది, నాకు దక్కింది ఆ ఒక్క జవాబే. మిగతావన్నీ రశ్మితో పంచుకో. నిలువు పద్నాలుగు మాత్రం, ఆమె అడిగినా, నీకు రాలేదనే చెప్పు.