హైడ్రున్ ఆగే చోట్లు

మార్చి 3, సోమవారం. లైప్‌జిగ్

టోర్బెన్ నుంచి ఈమెయిల్. యంత్రం చదివి వినిపించింది. కళ్లు పాడై ట్రామ్ నడపడం మానేసినప్పటి నుంచి నాకు పేపరైనా ఉత్తరమైనా అదే చదవాలి. ఈ డైరీ మాత్రం లావు స్కెచ్ పెన్‌తో నేనే రాస్తాను. పేజీకి పది మాటలు పడితే గొప్ప.

ఆ యంత్రంలోని ప్రోగ్రామ్ టోర్బెన్, మా ఆవిడ హైడ్రున్, ఇంకొందరు కలిసి రాసిందే. వాక్యంలో ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి అన్న భాగం హైడ్రున్‌ది. ఇప్పుడు ఏదో కంపెనీ దాన్ని తీసుకుంటుందట. దాన్ని వాడుకునే షరతులు, అంటే లైసెన్స్, మార్చాలట. రాసినవాళ్లందరూ ఒప్పుకోవాలట. హైడ్రున్ పోయింది కాబట్టి ఆమె తరఫున నేను.

పోయాక కూడా ఆమె మాట కావాల్సి వచ్చింది వీళ్లకు. కొంచెం గర్వంగానే ఉంది.

మార్చి 9, ఆదివారం

టోర్బెన్ కేక్ పట్టుకొని వచ్చాడు. ఇంటికి మనిషి వచ్చి ఎన్నాళ్లయిందో, రెండో కప్పు ఎంత వెతికినా దొరకలేదు.

పాత లైసెన్స్ ఏమంటుందని అడిగాను. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చి పంచితే ఆ మార్పు కూడా అందరికీ తెరిచి పెట్టాలి. కంపెనీకి అదే కంట్లో నలుసు.

ఆమె ఒప్పుకునేది కాదన్నాను. లిస్బన్‌లో ఉండే లూర్దెస్ అనే ఆవిడ రాసిన ఫైల్ తీసుకుని, దాని మీద ఆవిడ పేరు ఎగరగొట్టారని, హైడ్రున్ ఒకసారి ఇతన్ని ఫోన్‌లో ఉతికి ఆరేసింది. "తీసుకునేటప్పుడు లేని సిగ్గు, పేరు చెప్పేటప్పుడు ఎందుకోయ్?" టోర్బెన్‌కీ గుర్తుంది. నవ్వాడు.

తర్వాత మెల్లగా అన్నాడు: "మీరు వద్దంటే వద్దు, ఏకార్ట్ గారూ. ఆవిడ పెట్టిన షరతు, మేం దాటం. కానీ అప్పుడు ఆవిడ రాసిందంతా తీసేసి మేమే కొత్తగా రాసుకోవాలి."

ఇది నాకు తట్టలేదు. వద్దంటే ఆమె మిగులుతుందనుకున్నాను.

మార్చి 10

సంతకం పెట్టేస్తాను.

మార్చి 11

పెట్టలేదు. పొద్దున కాఫీ తాగుతూ పేపర్ విన్నాను. యంత్రానిది ఏడుపుగొట్టు మగగొంతు. ఆగడం మాత్రం హైడ్రున్‌ది. మొదట్లో నాకు తనే చదివి పెడుతూ తన గొంతే రికార్డ్ చేసుకుని, ఎక్కడ ఎంతసేపు ఆగుతోందో కొలిచి ప్రోగ్రామ్‌లో పెట్టింది. ఆమె నాకు మిగిలింది ఆ ఖాళీల్లోనే.

ఇంత కష్టపడి ఊరికే ఇస్తావేమని అడిగానొకసారి. "ఊరికే ఏమిటి? నాకు తెరిచి ఇచ్చారు, నేనూ తెరిచే ఇస్తున్నా. పుచ్చుకున్నవాడు తలుపేసుకుంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది."

సంతకం పెడితే ఆమె ఉంటుంది, తలుపు వెనక. అట్లాంటి మనిషిని లోపల పెట్టి తాళం వేయడం నావల్ల కాదు.

మార్చి 12

వద్దని పంపాను. టోర్బెన్ "సరేనండీ" అని రాశాడు. యంత్రం ఆ ఒక్క మాటే చదివింది.

మే 27

కొత్త వెర్షన్ వచ్చింది. ఆవిడ భాగం తీసేశామని టోర్బెన్ మర్యాదగా తెలియజేశాడు. వాళ్ల సైట్‌లో విన్నాను. ఆడగొంతు, తియ్యగా ఉంది. ఊపిరి తీసుకోకుండా గడగడా చదివేస్తోంది.

నా యంత్రంలో పాతదే ఉంది. అది పాడైతే ఇక అంతే. ఆమె ఆగే చోట్లు వినేవాడిని నేనొక్కణ్ణే మిగిలాను. చెరిపించింది కూడా నేనే. కేక్ తెచ్చే మనిషి కూడా లేడిప్పుడు.

సెప్టెంబర్ 14, ఆదివారం

లూర్దెస్ రాసింది. పాత వెర్షన్ తీసుకుని తన భాషకు మార్చిందట. పాత లైసెన్స్‌తో అలాగే అందరికీ తెరిచి పెట్టిందట. నన్ను అడగనక్కర్లేదు గానీ చెప్పాలనిపించిందట. "హైడ్రున్ పేరు పైనే ఉంచాను. తీస్తే వచ్చి నన్నూ ఉతికేస్తుంది."

వినమని ఏదో పంపింది. ఇవాళ ధైర్యం చాలడం లేదు.

సెప్టెంబర్ 15

పోర్చుగీసు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఏదో కామా దగ్గర హైడ్రున్‌లాగే ఆగింది. నేనూ ఆగాను.