చూడని అక్క ఇల్లు

లైప్‌జిగ్,
నవంబర్ 17.

ఇంతవరకు ముఖమైనా చూడని మమతక్కకు,

మీ ఇంట్లో దిగి ఆరు వారాలైంది. మార్చి దాకా మీరు సిరిసిల్లలో మీ అమ్మ దగ్గర, నేనిక్కడ మీ మంచం మీద. ఇంటి ఓనరు అనుమతి కాగితం ఇచ్చాడు గనుక నాకేం భయం లేదు. భైంసాలో మా అమ్మ లీలాబాయి మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా, “పరాయి దేశంల, ఒకల కిరాయింట్ల మల్ల కిరాయికుండుడేందే?” అంటుంది. చదువుకోవడానికి వచ్చిన ఊళ్ళో గది దొరకడం ఎంత కష్టమో ఆమెకెలా చెప్పను?

మనిషి లేని ఇంట్లో ఆ మనిషి వస్తువుల మధ్య బతకడం వింతగా ఉందక్కా. మీరెలాంటివారో ఊహించుకోవడమే నా పని అయిపోయింది. కారం డబ్బా మీద తేదీ రాస్తారు. చెప్పులు గోడకు ఆనించి నిలబెడతారు. అల్మారా కింది అర తెరవొద్దన్నారు; ఒట్టు, తెరవలేదు. నర్సు ఉండే ఇంట్లో ఒక్క తెల్ల కోటైనా కనబడదేమిటని మాత్రం అనుకున్నాను.

అసలు సంగతి వేరే. ఫోన్‌లో అడగడానికి నోరు రాక రాస్తున్నాను. ఎదురింటి హెల్గా అనే ముసలావిడ ప్రతి ఆదివారం పొద్దున బెల్లు కొడుతుంది. ఆమెకు చూపు ఆనదు. “నేను మమతను కాను, భవ్యను” అని రెండుసార్లు చెప్పాను. నా జర్మన్ అర్థం కాలేదో, వినబడలేదో, లోపలికి వచ్చి కూర్చుంది. పుస్తకం చేతికిచ్చి, పక్కనే కూర్చుని గట్టిగా చదవమంటుంది. తప్పు చదివితే చేతికర్రతో నేల మీద కొడుతుంది. వెళ్ళేటప్పుడు గడప దగ్గర ఆగి ఒకటే అడుగుతుంది: “మీ అమ్మకు చెప్పావా?”

ఇన్నాళ్ళూ లేదనే అన్నాను. నిన్న ఏం తోచక “చెప్పాను” అనేశాను. ఆమె నా ముఖాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ఏడ్చింది. అప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు. మీ తరఫున నేనేం చెప్పానక్కా?

మీ చెల్లెలిలాంటి
భవ్యశ్రీ


సిరిసిల్ల,
డిసెంబర్ 4.

చెల్లె భవ్యా,

నీ ఉత్తరం పోస్టుమన్ మా అవ్వ, అదే మా అమ్మ అనసూర్య చేతికిచ్చాడు. కరెంటు పోయి మరమగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. నూలు కండెలు చుట్టే పని పక్కన పెట్టి, “జర్మనీకెల్లి అచ్చిందట, సదువు బిడ్డా, ఎవలు రాసిండ్రు?” అంది. అవ్వకు చదువు రాదు. నా చెప్పుల మాట విని నవ్వింది. ముందు చూసుకోకుండా పైకే చదువుకుంటూ పోయి, “మీ అమ్మకు చెప్పావా” అన్నది కూడా చదివేశాను.

“ఏం జెప్పాలె నాకు?” అంది అవ్వ.

నేను మన దేశంలోనే నర్సును, భవ్యా. అక్కడ భాషా పరీక్ష గట్టెక్కితేనే నర్సు. రెండుసార్లు తప్పాను. ఆ కాగితాలే కింది అరలో ఉన్నాయి. రెండేళ్ళుగా ఒక వృద్ధాశ్రమం వంటగదిలో గిన్నెలు కడుగుతున్నాను. హెల్గా ఒకప్పుడు టీచరు. మెట్ల మీద నా ఏడుపు విని, ఆదివారాలు చదివించడం మొదలుపెట్టింది. “అమ్మ దగ్గర దాచినన్నాళ్ళూ చదివేటప్పుడు నీ గొంతు వణుకుతూనే ఉంటుంది” అనేది. ఇక నావల్ల కాదని ఆమెకు చెప్పలేక, మాటమాత్రమైనా అనకుండా వచ్చేశాను. మార్చి తరువాత ఆ ఇల్లు పూర్తిగా వదిలేద్దామనుకునే నీకిచ్చాను.

అంతా విని అవ్వ అడిగింది: “రెండేండ్ల సంది గిన్నెలు తోముతున్నవా?”

“ఔనవ్వా.”

“తోముడు తప్పుగాదు. గా ముసలామెకు జెప్పుకున్నవ్, నాకు జెప్పకపోతివి.”

రెండు రోజులు నాకు అన్నం పెట్టలేదు, నేనే వడ్డించుకున్నాను. పరీక్ష తప్పినప్పుడు కూడా నేనంత చిన్నబోలేదు. మూడోనాడు అన్నం పెడుతూ, “గా పరీక్ష మల్లెప్పుడు?” అంది.

“ఫిబ్రవరిల.”

“మరి గీడేం జేస్తున్నవ్?”

టికెట్ తీశాను. ఇరవయ్యో తారీఖున దిగుతాను. నువ్వు సామాన్లు సర్దుకోకు; మార్చి దాకా ఇల్లు నీదన్నాను, నీదే. ఇద్దరం ఉంటామని ఓనరుకు రాశాను, సరేనన్నాడు. మంచం నీకు, చాప నాకు. హెల్గా సంగతి మనసులో పెట్టుకోకు. నువ్వు అబద్ధమాడలేదు, కాస్త ముందుగా చెప్పావంతే. నేను ఎందుకు చెప్పకుండా వచ్చానో ఆమెకు నేనే చెప్పుకుంటాను. ఈ ఉత్తరం అందాక వచ్చే ఆదివారం మాత్రం చెవి దగ్గరికి పోయి నీ పేరు గట్టిగా చెప్పు.

అవ్వ నీ గురించి తెగ అడుగుతోంది. “గా పిల్ల ఎట్లుంటదే? మంచిదేనా?” అని. పోయి చూసి చెబుతానన్నాను.

నీ దగ్గర కిరాయికుండబోయే
మమతక్క