నువ్వు బిగించిన క్లిప్పులు

తమ్ముడూ, నేను క్షేమమే, అదీ నీ చలవ కాదు. నిన్న పొద్దున కాన్పు చేయడానికి బయల్దేరబోతే కారు బ్యాటరీ డౌనైపోయింది. ఎదురింటి బేకరీ ఆయన పాపం తన వ్యాను తెచ్చి పక్కన నిలిపాడు. నువ్వు బాగుచేసిచ్చిన కేబుళ్లు రెండు బ్యాటరీలకీ తగిలించానో లేదో నిప్పురవ్వలు లేచాయి. చూస్తే ఒకే తీగకి ఒక కొసన ఎర్ర క్లిప్పు, రెండో కొసన నల్లది బిగించావు! "మీ తమ్ముడు నేర్చింది కరెంటు పనేనామ్మా?" అన్నాడాయన. నాకు తల కొట్టేసినట్టయింది. పరిగెత్తుకుంటూ చేరేసరికి బిడ్డ పుట్టేసింది. తల్లి నన్ను తిట్టని తిట్టు లేదు.

అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? కాపడం పెట్టుకునే కరెంటు బ్యాగు కూడా నువ్వే బాగుచేశావట. ఈ కార్డు చదువుతూనే దాని ప్లగ్గు పీకెయ్యి. అమ్మకి నమస్కారాలు. నీకు దీవెనలు, ఆ బ్యాగు చెత్తబుట్టలో పడ్డాక.

అక్క