మంగళవారానికి పదిహేనో రోజు

బొంబాయి,
బుధవారం

అక్కకు, బావగారికి ప్రభువు పేరట వందనాలు. అమ్మ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను, దిగులు పడొద్దు.

ఇక్కడ వాన ఆగటం లేదు. గదిలో బట్టలు ఆరవు. నువ్విచ్చిన గోంగూర పచ్చడి అయిపోయింది, నేనొచ్చినప్పుడు ఇంకొంచెం కట్టివ్వు. ఆఫీసులో అందరూ మరాఠీ మాట్లాడుకుంటారు. నేను నోరు తెరిచేది ఆదివారం గుడిలో పాట పాడటానికే.

మాది పత్తి వ్యాపారం ఆఫీసు కదా. ఏ పత్తి బేలు గోడౌనులో ఎన్ని రోజులుందో కంప్యూటర్‌ను అడగటం నా పని. అడిగే భాషను ఎస్.క్యూ.ఎల్. అంటారు. పాతవాళ్ళు తేదీలను అక్షరాలుగా ఎక్కించి పోయారు. అక్షరాలైతే దానికి పదో తేదీ తొమ్మిదో తేదీకంటే ముందొస్తుంది, పదిలో మొదట ఒకటి ఉంది గనక. అందుకని ప్రతిసారీ ఇది రాత కాదు, తేదీ అని మార్చి చెప్పాలి. అప్పుడే ఒక తేదీలోంచి ఇంకో తేదీ తీసేసి రోజులు చెబుతుంది. మొదటి రోజును మాత్రం లెక్కలో వేయదు. పొద్దస్తమానం ఇదే పని.

అక్కా, నేను పొరపాటు పడింది అక్కడే. డాక్టరు అమ్మను చూసిన మంగళవారానికి పదిహేనో రోజు కళ్ళ ఆపరేషన్ అని రాశావు. నేను ఆ తేదీకి పదిహేను కలిపి బుధవారం అనుకున్నాను. ఆ బుధవారం పొద్దున్నే చీరాలలో దిగేలా టిక్కెట్టు తీసుకున్నాను. నిన్న మెస్సులో ఈ మాట చెబితే, మన పర్చూరు సుబ్బారావు గారు చేతిలో ముద్ద పట్టుకునే నవ్వారు.

"ఏరా దావీదూ, మంగళవారానికి పదిహేనో రోజు మంగళవారమే గదరా! ఆ రోజుతో కలిపి ఎంచుతాం మనం. మిషన్ పక్కన కూర్చుని ఊరి లెక్క మర్చిపోయావా?"

"ఇప్పుడెట్టాగండీ?"

"ఎట్టాగేముంది, పోయి మీ ఆఫీసర్ని బతిమాలుకో."

ఈరోజు బతిమాలాను. సోమవారం సాయంత్రం లెక్కలు అప్పగించేదాకా కదలనివ్వనన్నాడు.

ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్ళేదాకా చెయ్యి పట్టుకుని ఉంటానని అమ్మకు మాటిచ్చాను. ఆ పని నువ్వు చెయ్యి. సెలవు దొరకలేదని చెప్పొద్దు. వాడు రోజులు ఎంచటం తప్పాడని ఉన్నదున్నట్టు చెప్పు.

గుడి అయ్యగారికి, పెద్దమ్మకు నా వందనాలు. గుడిలో అమ్మ కోసం ప్రార్థన చేయించు, నన్నూ తలుచుకోమను. బుధవారం నేనొచ్చేసరికి అమ్మ కళ్ళకు కట్టుంటుంది. ఎవరొచ్చారో నువ్వు చెప్పొద్దు. ముందు నేనే పిలుస్తాను.

నీ తమ్ముడు,
దావీదు